మూడు దినముల నాయకుడు

కండక్టరనగానే మనకు మొదట స్ఫురించువాడు బస్సులో టిక్కెట్టు లిచ్చునతడు. పాశ్చాత్య సంగీతమున కండక్టరనగా వాద్యబృందమునకు ఎదురుగా నిలిచి, చేతితోనో సన్నని బెత్తముతోనో లయను చూపుచు, పదుల కొలది వాదకులను ఒక్క త్రాటిపై నడిపించు నాయకుడు. వేదికపై నున్నవారిలో ఏ వాద్యమును వాయింపనివాడు అతడొక్కడే. అయినను కచేరి రక్తి కట్టిన కీర్తియు, రసాభాసమైన నిందయు మొదట అతనికే చెందును.

మన కచేరీలలో ఇట్టివాడు లేడు. గాయకుడు తొడపై తాళము వేసికొనుచు పాడును. వయొలిన్ వాదకుడును, మృదంగ వాదకుడును అతని కనుసన్న గ్రహించి అనుసరింతురు. నలుగురైదుగురున్నచోట కనుసన్న చాలును. అరువది, డెబ్బది మంది యున్నచోట చాలదు. ఆకాశవాణి 1952లో ఢిల్లీయందు వాద్యబృందమును నెలకొల్పినపుడు మనకును ఈ అవసరము కలిగినది. ఆ బృందమునకు మొదట రవిశంకర్ గారు నాయకత్వము వహించిరి. తరువాతి కాలమున మన ద్రాక్షారామపు వైణికుడు ఈమని శంకరశాస్త్రి గారును దానిని నడిపిరి. కావున రేడియో శ్రోతలకు బృందనాయకుడు బొత్తిగా క్రొత్తవాడు కాడు.

నేడు చెప్పదలచినది ఒక విచిత్రమైన నాయకుని గూర్చి. అతనికి బృందము తనది కాదు. అందలి వాదకుల ముఖములు ముందెన్నడును చూచి యెరుగడు. వారు 14 మొదలు 18 ఏండ్లలోపు బాలబాలికలు. వారిలో పెక్కుమంది ఒకరినొకరు ఎరుగరు. వారినందరిని కూర్చుకొని, రెండు మూడు దినములు సాధన చేయించి, కడపటి దినమున నిండుసభలో కచేరి చేయింపవలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇట్టి బృందమును ఆనర్ బ్యాండు అందురు. దానిని నడుపుటకు పిలువబడినవాడు అతిథి బృందనాయకుడు.

ఈ యేర్పాటు అర్థమగుటకు అచ్చటి పాఠశాలల పద్ధతి కొంత తెలియవలెను. అమెరికాలో పెక్కు పాఠశాలలయందు బ్యాండు వాద్యము లెక్కలవలె, చరిత్రవలె గంట కొట్టి నేర్పు విషయము. బాలురు సామాన్యముగా ఐదారు తరగతులయందు ఒక వాద్యమును చేపట్టుదురు. ఫ్లూటు, క్లారినెట్టు, సాక్సొఫోను, ట్రంపెట్టు, ట్రాంబోను, ట్యూబా మున్నగు ఊదెడు వాద్యములును, డ్రమ్ములును ఇందు ముఖ్యములు. క్లారినెట్టు, ట్రంపెట్టు మన పెండ్లి ఊరేగింపులలో బ్యాండుమేళమువారి వద్ద వినినవే. శరత్కాలమున ఈ విద్యార్థులే ఫుట్‌బాలు ఆటల వేళ మైదానమున కవాతు చేయుచు వాయింతురు. తక్కిన కాలమున కూర్చుండి కచేరీ సంగీతమును సాధన చేయుదురు.

ఇట్టి పాఠశాలలు అనేకముండగా, ఒక్కొక్క దానిలో ఉత్తములైన వారిని ఏరి ఒకచోట చేర్చునదే ఆనర్ బ్యాండు. జిల్లా స్థాయిలో కొన్ని, రాష్ట్రమంతటికి కొన్ని జరుగును. ప్రవేశము పరీక్షవలన. నిర్ణయించిన స్వరపాఠములను, సాధనా ఖండములను అభ్యర్థి ఒంటరిగా వాయింపవలెను. పలుచోట్ల న్యాయనిర్ణేతలకును అభ్యర్థికిని నడుమ తెర కట్టుదురు; పేరును, పాఠశాలను చెప్పనీయరు. చెవికి వినబడినదే ప్రమాణము. తీర్పును బట్టి మొదటి కుర్చీ, రెండవ కుర్చీ యని స్థానములను కేటాయింతురు. మొదటి కుర్చీ దొరికినవాని యింట పండుగ. కడపటి కుర్చీ దొరికినవాని యింట ఓదార్పు.

అతిథి నాయకుని ఎంపిక మాసముల ముందుగనే జరుగును. ఆతడు విశ్వవిద్యాలయమున బ్యాండు నడుపు ఆచార్యుడు కావచ్చును, స్వరకర్త కావచ్చును, జీవితమంతయు పాఠశాలలో నేర్పి విశ్రమించిన ఉపాధ్యాయురాలు కావచ్చును. కచేరీకి కావలసిన నాలుగైదు రచనలను సామాన్యముగా అతడే నిర్ణయించును. స్వరపత్రములు ముందుగా విద్యార్థులకు చేరును. తన భాగమును ప్రతివాడును ఇంటియొద్దనే వల్లించి రావలెను. కావున మొదటి దినమున నాయకుని ముందున్న సమస్య స్వరములు నేర్పుట కాదు. వచ్చినవారందరును స్వరములను నేర్చియే వత్తురు. చిక్కంతయు మరియొకచోట నున్నది.

ఆ బృందములో ప్రతివాడును తన పాఠశాలలో మొదటివాడు. అచ్చట అతని వాద్యమును విని తక్కినవారు సర్దుకొందురు. అతడు ఎవరిని వినవలసిన పని అంతగా లేదు. ఇచ్చట అట్టివారు పదునెనమండుగురు క్లారినెట్లు పట్టుకొని ఒకే వరుసలో కూర్చుందురు. ప్రతివాడును అలవాటు చొప్పున కొంచెము గట్టిగా, కొంచెము ముందుగా వాయించును. నేర్పు గలవారందరు చేరినను మొదటి గంటలో పుట్టునది పెద్ద శబ్దమే గాని సంగీతము కాదు. ఈ మొదటి కుర్చీల వారిని పరస్పరము వినువారినిగా మార్చుటయే అతిథి నాయకుని అసలు పని. అందులకు అతనికున్న గడువు రెండు మూడు దినములు.

అనుభవజ్ఞుడైన నాయకుడు కఠినమైన రచనతో ఆరంభింపడు. నిదానమైన ఒక చిన్న కీర్తనవంటి దానిని, పెక్కుసారులు బాఖ్ కూర్చిన ప్రార్థనాగీతములలో నొకదానిని ఎత్తుకొనును. చేయి పైకెత్తి తానును గాలి పీల్చును. ఊదెడు వాద్యములలో ధ్వనికి ముందు శ్వాస యుండవలెను గదా! నాయకుని చేయి పైకి లేచు వేగమును బట్టియే రాబోవు స్వరముయొక్క వేగమును, బరువును వాదకులు గ్రహింతురు. అందరును ఒక్కసారి శ్వాసించినచో అందరును ఒక్కసారి పలుకుదురు. కుడిచేయి లయను చూపును. ఎడమచేయి హెచ్చుతగ్గులను, భావమును చూపును. ఈ సంజ్ఞలు ఎల్లచోట్లను ఇంచుమించుగ నొక్కటే యగుటచేతనే ఎన్నడు చూడని నాయకుని వెంట ఎన్నడు కలియని పిల్లలు మొదటి నిమిషముననే నడువగలుగుచున్నారు.

తరువాతి మెట్టు శ్రుతి. షడ్జము, అంతరగాంధారము, పంచమము ఏకకాలమున మ్రోగుట పాశ్చాత్య స్వరమేళనమునకు పునాది. పియానోయొక్క గాంధారము శుద్ధమైన గాంధారముకంటె కొంచెము హెచ్చుగ నుండును. రెండు ప్రక్క మెట్ల నడిమి దూరమును నూరు పాళ్లు చేసినచో ఆ హెచ్చు సుమారు 14 పాళ్లు. హార్మోనియమునకును ఇదియే లోపము. ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు దానిని దూరముగ నుంచుటకు ఈ స్థిరమైన మెట్లు ఒక కారణము. ఊదెడు వాద్యములకు ఈ బంధము లేదు. పెదవి బిగువుతో, గాలి ఒత్తిడితో వాదకుడు ఆ 14 పాళ్లను దించుకొనగలడు. అయితే తాను వాయించునది గాంధారమని అతనికి తెలియవలెను. షడ్జము ఎవరి వద్ద నున్నదో వెదకి వినవలెను. నాయకుడు షడ్జము గలవారిని ముందు పలికించి, పంచమమును చేర్చి, చివరకు గాంధారము వారిని మెల్లగ ప్రవేశింపజేయును. సరియైన చోటు దొరికిన క్షణమున ధ్వని యంతయు నిశ్చలమై గదియంతట వ్యాపించును. దానిని ఒకసారి చెవియారా వినిన బాలుడు మరల మరువడు.

ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పయనించును. వేదికయొక్క ఈ కొసనున్న డ్రమ్మునకును ఆ కొసనున్న ఫ్లూటునకును 17 మీటర్ల దూరమున్నచో డ్రమ్ము మ్రోత సెకనులో ఇరువదియవ వంతు ఆలస్యముగ చేరును. చెవికి అది స్పష్టముగ తెలియును. అందుచేత వెనుక వరుసలవారు ముందున్నవారి ధ్వనికొరకు కాచుకొనక నాయకుని చేతిని చూచి వాయింపవలెను. ముందు వరుసలవారు వెనుకనుండి వచ్చు లయను విని దానిపై నిలువవలెను. చూచుట కొందరి వంతు, వినుట కొందరి వంతు. ఈ పంపకమును నేర్పనిచో బృందమెంత గొప్పదైనను తాళము చెదరును.

ఈ సంప్రదాయము వయస్సున చిన్నదే. జోసెఫ్ మాడీ యను సంగీతోపాధ్యాయుడు 1926లో డెట్రాయిట్ నగరమున సంగీతోపాధ్యాయుల మహాసభకై అనేక రాష్ట్రములనుండి ఉన్నత పాఠశాల విద్యార్థులను రప్పించి ఒక వాద్యబృందమును కూర్చెను. పిల్లలు ఇంత వాయింపగలరా యని సభవారు విస్మయపడిరి. రెండేండ్లకు, 1928లో, మిషిగన్ రాష్ట్రమున ఇంటర్లాకెన్ అనుచోట పైను వృక్షముల నడుమ మాడీ వేసవి సంగీత శిబిరమును స్థాపించెను. అది నేటికిని నడచుచున్నది.

కవాతు గీతములకు రారాజని పేరొందిన జాన్ ఫిలిప్ సూసా ఆ శిబిరమునకు అతిథిగ వచ్చుచుండెను. 1931 జూలైలో, తన 76వ యేట, ఆ శిబిరముకొరకే రచించిన 'ది నార్దరన్ పైన్స్' అను కవాతు గీతమును పిల్లలచేత వాయింపించెను. ఆ దినమున పెద్ద డ్రమ్మును వాయించినవాడు ఫ్రెడరిక్ ఫెన్నెల్ అను 17 ఏండ్ల బాలుడు. మరుసటి యేడు మార్చిలో సూసా పెన్సిల్వేనియాలోని రీడింగ్ పట్టణమునకు మరియొక బ్యాండును అతిథిగ నడుపుటకు పోయి, సాధన చేయించిన పిమ్మట ఆ పట్టణముననే మరణించెను. డ్రమ్ము వాయించిన బాలుడు పెరిగి 1952లో రోచెస్టరులో ఈస్ట్‌మన్ విండ్ ఎన్సెంబుల్ అను ప్రసిద్ధ బృందమును స్థాపించెను. ఊదెడు వాద్యముల బృందమును ఊరేగింపులకే గాక గంభీర సంగీతమునకును యోగ్యమని లోకమునకు చూపినవారిలో అతడు అగ్రగణ్యుడు. 2004లో మరణించు పర్యంతము అతడును ఎందరెందరో పిల్లల బృందములను అతిథిగ నడిపెను. ఒక వృద్ధుని చేతి క్రింద గడిపిన కొలది దినములు ఎంతదూరము పోగలవో చెప్పుటకు ఈ యొక్క ఉదాహరణము చాలును.

మరియొక సంగతి. పెర్సీ గ్రెయింజర్ 1937లో ఇంగ్లండు జానపద గీతముల ఆధారముగ 'లింకన్‌షైర్ పోసీ' అను ఆరు భాగముల రచన చేసెను. మిల్వాకీ నగరమున దాని తొలి ప్రదర్శనమందు పెద్దలైన వాదకులు అందలి విషమ లయలకు తాళలేకపోగా మూడు భాగములు మాత్రమే వాయింపబడినవి. నేడు ఆ రచనను ఆనర్ బ్యాండుల బాలబాలికలు సంపూర్ణముగ వాయించుచున్నారు. పాఠశాలల్లో నేర్పు ఎంత పెరిగినదో ఇందువలన ఊహింపవచ్చును.

లోపములు లేవని కాదు. కొందరు అతిథులు తమ ప్రతిభ వెల్లడియగుటకై పిల్లల శక్తికి మించిన రచనలను ఎన్నుకొందురు. అపుడు మూడు దినములును వ్రేళ్ల పరుగుతోనే గడచి చెవికి పని యుండదు. కొందరు తమ అనుభవములను కథలుగ చెప్పుచు సాధనకాలమును హరింతురు. ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. తెర వెనుక పరీక్ష న్యాయమైనదే గాని తెర వరకు వచ్చు దారి అందరికి సమానము కాదు. సొంతముగ గురువును పెట్టుకొని, మేలైన వాద్యమును కొనగల కుటుంబముల పిల్లలు ముందుందురు. పాఠశాలవారి పాత వాద్యముతో ఒంటరిగ సాధన చేసిన బాలిక కడపటి కుర్చీకి వచ్చినదన్నచో ఆమె నడచిన దూరము మొదటి కుర్చీవాని దూరముకంటె తక్కువ యని చెప్పజాలము. వివేకముగల నాయకుడు దీనిని ఎరిగి, వెనుక కుర్చీలవారిని పేరడిగి పలుకరించును. మూడవ క్లారినెట్టు వరుసను విడిగా వాయింపించి, ఆ భాగమే లేకున్న పై రాగము ఎట్లు తేలిపోవునో తక్కినవారికి వినిపించును.

కడపటి దినమున తల్లిదండ్రులతో సభ నిండును. గంటసేపు కచేరి సాగును. చప్పట్ల నడుమ నాయకుడు ప్రక్కకు తొలగి పిల్లలను నిలువుమని సైగ చేయును. ఆ సాయంకాలమే అతడు తన యూరికి, వారు తమ యూళ్లకు పోవుదురు. ఆ బృందము మరల ఎన్నడును కూడదు. అయితే అసలు పరీక్ష ఆ రాత్రి జరుగదు. సోమవారము ఉదయమున బాలుడు తన పాఠశాలకు తిరిగిపోయినపుడు జరుగును. అచ్చట ప్రక్కనున్నవాని శ్రుతి సరిలేదని విసుగుకొన్నచో మూడు దినములును వ్యర్థము. వాని వైపు చెవి యొగ్గి, తన స్వరమును తగ్గించి, వానిని కలుపుకొన్నచో అతిథి వచ్చిన పని నెరవేరినది. ఊరి ఉపాధ్యాయుడు ఏడాది పొడుగున వేసిన పంటకు అతిథి ఒక మంచి వాన మాత్రమే.

నేడు అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి పిల్లలును ఈ బ్యాండులలో ఫ్లూటు, క్లారినెట్టు, సాక్సొఫోను వాయించుచున్నారు. ఇచ్చట తాతలకు, అమ్మమ్మలకు ఫోనులో ఆ వార్త వచ్చినపుడు ఎన్నవ కుర్చీ వచ్చినదని మనవని అడుగుట సహజమే. దానితోబాటు, నీ ప్రక్క కూర్చున్నది ఎవరు, వారి వద్ద ఏమి వింటివి అనియు అడిగి చూడుడు. ఆ ప్రశ్నకు మనవడు ఉత్సాహముగ జవాబు చెప్పినచో, ఆ మూడు దినముల నాయకుడు తన పని చక్కగ చేసినట్లే.