లొట్టి దిగాక గీత కార్మికునికి తాటి టెంకే దిక్కు

నరసాపురం: తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. ఈ మాటకు నవ్వేవారే గాని, కల్లు పారని నెలల్లో గీత కార్మికుడు ఏం తిని బతుకుతాడని ఆలోచించేవారు తక్కువ.

నరసాపురం, మొగల్తూరు ప్రాంతాల్లో పుష్యమాసం మొదలు తాటికల్లు పారుతుంది. తొలకరి పడితే లొట్లు దిగిపోతాయి. వానకు మాను జారుతుంది. లొట్టిలో పడిన నీటికి కల్లు పలచబడుతుంది. మళ్లీ గెలలు వేసే వరకు, దాదాపు ఆరు నెలలు, కల్లు మీద పైసా రాదు.

ఆ ఆరు నెలల తిండి సంగతి వేసవిలోనే తేలిపోతుంది. పోతుతాడు కాయ కాయదు గనుక ఎంత గీసినా బెంగ లేదు. పండుతాడు అలా కాదు. గెల గీస్తే కాయ ఉండదు, వదిలితే కల్లు ఉండదు. అన్నీ గీసినవాడికి వేసవిలో చేతినిండా డబ్బు, శ్రావణంలో పస్తు. అందుకే ముందుచూపు గలవారు కొన్ని పండుతాళ్లను గీయకుండా వదిలేస్తారు.

వదిలిన గెలకు వైశాఖంలో ముంజలు. కోయకుండా ఉంచితే శ్రావణ భాద్రపదాల్లో పండ్లు. గుజ్జు రొట్టెకు, గారెలకు పోగా టెంకలను పాతర వేస్తారు. మూడు నాలుగు నెలలకు తేగలు తయారవుతాయి. తంపటి వేసిన తేగల కట్టలు సంక్రాంతి దాకా అమ్ముడుపోతాయి. పాతరకు మెరక నేల చూసుకోవాలి. నీరు నిలిస్తే టెంకలు కుళ్లిపోతాయి.

కల్లు ఒక్క పూటలో పులిసిపోతుంది. లొట్టికి సున్నం పూసి తీసిన నీరాను కాచి బెల్లం చేస్తే, తడి తగలకుండా దాచుకుని వానాకాలంలో అమ్ముకోవచ్చు. రంపచోడవరం దగ్గరి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటిపైనే పరిశోధనలు సాగాయి.

2022లో ప్రభుత్వం గీత కార్మికుల కిస్తీలు రద్దు చేసింది. చెట్టుపై నుంచి పడి మరణించినవారి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. అయితే అసలు చెట్టే పోతే దిక్కెవరు? గట్టు రైతుది, చెట్టు రైతుది. గీత కార్మికునికి ఉన్నది మోకు, కత్తి మాత్రమే. చేపల, రొయ్యల చెరువులు తవ్వినచోట గట్లతో పాటు తాళ్లూ నేలకూలుతున్నాయి.

టెంక మొలిచి గీతకు రావాలంటే 12 నుంచి 20 ఏళ్లు పడుతుంది. పాతర వేసే ప్రతివారూ నాలుగు టెంకలను తేగలకు తవ్వకుండా కాలవ గట్టున వదిలిపెడితే, కొడుకుల నాటికైనా లొట్టి కట్టుకోవడానికి చెట్టు మిగులుతుంది.