శారమ్మ నవ్వు: నడివయస్సులో స్త్రీ శరీరము, దాంపత్య సుఖము



ఈ వ్యాసమును భార్యాభర్తలు ఒకచోట కూర్చుండి చదువవలెనని మా కోరిక. చదువురాని తల్లులకు భర్త గాని, పెండ్లయిన కుమార్తె గాని చదివి వినిపించవచ్చును. పెండ్లికి ముందు యౌవనస్థులకు ఎన్నో హెచ్చరికలు చేస్తాము. పెండ్లినాడు ప్రసంగము చేస్తాము. బిడ్డ పుడితే ప్రతిష్ఠ ప్రార్థనకు వెళతాము. ఆ తరువాత ఇరవై అయిదేండ్లకు అదే ఇంటిలో ఆ తల్లికి ముట్లు నిలిచి, ఒంట్లో సెగలు పుట్టి, రాత్రి భర్త ప్రక్కకు వస్తే భయము కలుగుతూ ఉంటే, దానినిగూర్చి సంఘములో నోరు విప్పేవారు లేరు.

మా సతీమణి స్త్రీల కూడికలు జరిపిస్తారు. అక్కడ ప్రార్థన మనవులు చెప్పేటప్పుడు తరచుగా వినబడే మాట, "ఇంట్లో సమాధానము లేదమ్మగారూ" అన్నది. ఆ మాట వెనుక ఏమున్నదో అందరు వెళ్ళిపోయిన తరువాత వంటయింటి గడప దగ్గర బయటపడుతుంది. ఒక సహోదరి మూడు సంవత్సరములుగా భర్తను దగ్గరకు రానివ్వలేదు. ఆయన మీద కోపము లేదు, ప్రేమ తగ్గలేదు. కలిసినప్పుడు బ్లేడుతో కోసినట్లు నొప్పి, మరునాడు మూత్రమునకు వెళితే మంట. ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియక, ఒకనాడు మోకాళ్ళ నొప్పి అని, ఒకనాడు ఉపవాసమని తప్పించుకుంటూ వచ్చింది. ఆయన మట్టుకు ఆయన "నేనంటే దానికి ఇష్టము పోయింది" అనుకొని పొలములో మోటారు షెడ్డు దగ్గర పడుకోవడం మొదలుపెట్టాడు. రాత్రిపూట పొలములో పడుకునే మగవాని గురించి ఊరు ఏమనుకుంటుందో మీకు చెప్పనవసరము లేదు. ఆ మాట భార్య చెవిని పడింది. ఇంత దూరము వచ్చిన తరువాత గాని అసలు సంగతి బయటకు రాలేదు. పేరు, ఊరు మేము చెప్పము. చెప్పనవసరమూ లేదు. మీ వీధిలోనే ఇటువంటి ఇల్లు ఒకటి ఉంటుంది.

అసలు శరీరములో జరిగేది ఏమిటి? గర్భసంచికి రెండు ప్రక్కల అండాశయములు ఉంటాయి. వాటిలో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను వలననే పిల్లకు ఆడతనము వస్తుంది, నెలనెలా ముట్లు వస్తాయి. నలభై దాటిన తరువాత ఆ హార్మోను ఒకప్పుడు ఎక్కువగా, ఒకప్పుడు తక్కువగా ఊరుతూ, చివరకు దాదాపు ఆగిపోతుంది. పన్నెండు నెలలు వరుసగా ముట్టు రాకపోతే ముట్లుడిగినట్లు లెక్క. మన దేశములో ఇది సగటున 46, 47 ఏండ్లకు జరుగుతుంది. పాశ్చాత్య దేశములలో 51 ప్రాంతము. అందుచేత నలభై నాలుగేండ్ల ఆమెకు సెగలు వస్తుంటే "ఇంత చిన్న వయసులోనా?" అని ఆశ్చర్యపడనక్కరలేదు.

ముఖము, మెడ భగ్గుమనడము, చెమటలు పట్టడము, నిద్ర పట్టకపోవడము, ఊరికే ఏడుపు రావడము, ఇవన్నీ చాలామందిలో కొన్ని సంవత్సరములకు తగ్గుముఖము పడతాయి. తగ్గనిది ఒకటి ఉన్నది. ఈస్ట్రోజెన్ లేనందున యోని లోపలి పొర పలుచబడుతుంది, ఎండిపోతుంది, సాగే గుణము తగ్గుతుంది. ప్రక్కనే ఉన్న మూత్రనాళము కూడ అట్లే అవుతుంది గనుక మాటిమాటికి మూత్రము, మంట, ఇన్‌ఫెక్షను. సెగలవలె ఇది దానంతట అది పోదు. వైద్యము చేయించుకోకపోతే ఏండ్లు గడిచిన కొద్దీ పెరుగుతుంది. కాని వైద్యము చేయించుకుంటే బాగుపడుతుంది, అదియు పెద్ద ఖర్చు లేకుండ. ఈ రెండవ సంగతిని మన తల్లులకు చెప్పినవారు లేరు. "వయసు మీద పడింది, ఇక అంతే" అని చెప్పినవారు మాత్రము ఉన్నారు.

మొదటి ఉపాయము సులభమైనది. మందుల షాపులో నీటితో తయారైన జెల్లీ దొరుకుతుంది. కలిసే సమయములో దానిని వాడితే రాపిడి తగ్గుతుంది. శుభ్రమైన కొబ్బరినూనె వాడేవారు కూడ ఉన్నారు. అయితే నిరోధ్ వాడేవారు నూనె వాడరాదు, రబ్బరు చిరుగుతుంది. (కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకొననివారికి ఇది ముఖ్యము. యాభై లోపు ముట్లు నిలిస్తే రెండేండ్లు, యాభై దాటి నిలిస్తే ఒక ఏడాది గర్భము రాకుండ జాగ్రత్త పడమని డాక్టర్లు చెబుతారు.) శుభ్రము కొరకని లోపల సబ్బు, డెట్టాల్ పెట్టి కడిగే అలవాటు మానండి. అసలే పలుచబడిన పొరకు అది కారము చల్లినట్లే.

జెల్లీతో తీరకపోతే స్త్రీల డాక్టరు ఈస్ట్రోజెన్ క్రీము వ్రాసి ఇస్తారు. లోపల రాసుకునే మందు ఇది. సాధారణముగా మొదటి రెండు వారములు రోజూ, తరువాత వారమునకు రెండుసార్లు చొప్పున. గుణము పూర్తిగా కనబడడానికి కొన్ని వారములు పడుతుంది. రక్తములోనికి చేరేది చాలా స్వల్పము. రొమ్ము క్యాన్సరు వచ్చినవారు మాత్రము ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పవలెను. సెగలకు ఇచ్చే హార్మోను మాత్రలను గురించి 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితములు వచ్చి లోకమంతా భయపడింది. ఇప్పుడు వైద్యులు చెప్పేది ఏమనగా, అరవై లోపు వయసు ఉండి, ముట్లు నిలిచి పదేండ్లు దాటని ఆరోగ్యవంతులైన స్త్రీలకు నష్టముకంటె లాభమే ఎక్కువ అని. ఎవరికి తగునో డాక్టరు చూచి నిర్ణయిస్తారు.

పైన చెప్పిన సహోదరికి కావలసి వచ్చినది ఒక పరీక్ష, ఒక ట్యూబు మందు. ఆ సంగతి విన్న ఆమె భర్త "ఇంతేనా?" అని చాలాసేపు మాట్లాడలేదట.

ఇక ఆపరేషన్ల సంగతి. ఇది మా మనస్సును బాధించే విషయము. కుటుంబ నియంత్రణ ఆపరేషనులో నాళములను మాత్రమే కట్టివేస్తారు. అండాశయములు వాటి పని అవి చేస్తూనే ఉంటాయి గనుక కోరిక తగ్గడానికి, ఆ ఆపరేషనుకు సంబంధము లేదు. గర్భసంచి తీసే ఆపరేషను వేరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశము మొత్తము మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మండుగురు, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది. మన తెలుగు స్త్రీల గర్భసంచులకు మాత్రమే ఇంత రోగము వచ్చిందా? తెల్లబట్ట అవుతున్నదని వెళితే "క్యాన్సరు వస్తుంది, తీసేస్తే పీడ పోతుంది" అని చెప్పడము, పిల్లలు చాలు గనుక ఇక ఆ సంచితో పని ఏముందని ఈమె అనుకోవడము, వడ్డీకి అప్పు తెచ్చి ముప్పై అయిదేండ్లకే ఆపరేషను చేయించుకోవడము, ఇదంతా పల్లెల్లో మనము చూస్తున్నదే. పెద్ద గడ్డలు, క్యాన్సరు, సంచి పూర్తిగా జారిపోవడము వంటి వాటికి ఆపరేషను అవసరము కావచ్చును, దానిని కాదనము. అనవసరపు ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వము 2022లో మార్గదర్శకములు ఇచ్చింది. వాటిని అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించింది. మీకు ఎవరైనా గర్భసంచి తీయాలని చెబితే రెండవ డాక్టరును కూడ అడగండి. "అండాశయములు ఉంచుతారా, తీస్తారా?" అని తప్పక అడగండి. రెండు అండాశయములూ తీసివేస్తే, ముప్పై అయిదేండ్ల స్త్రీకి కూడ కొద్ది రోజులలోనే ముట్లుడిగిన దశ మీద పడుతుంది. ఎముకలు త్వరగా బలహీనపడతాయి.

ఇప్పటికే తీయించుకున్న తల్లులు దిగులు పడవద్దు. "సంచి లేని ఆడదానితో కలిస్తే మగవానికి జబ్బు" అనేది పచ్చి అబద్ధము. కుట్లు మాని, డాక్టరు సరే అన్న తరువాత (మామూలుగా ఆరు వారములు, ఒక్కొక్కప్పుడు ఎక్కువ) భార్యాభర్తలు కలిసి ఉండవచ్చును.

సుఖమును గురించి కూడ చెప్పవలెను గదా. ఈ మాట దగ్గరకు వచ్చేసరికి మన కాపరులు గొంతు సవరించుకుంటారు. దేవుణ్ణి నమ్మని కుటుంబములో పుట్టిన విజయవాడ డాక్టరు సమరం గారు వారపత్రికలలో ఏండ్ల తరబడి ఇటువంటి ప్రశ్నలకు జవాబులు వ్రాస్తే, మన విశ్వాసులు ఆ పేజీలను పరుపు క్రింద దాచుకొని చదివారు. దేవుని చేతిపనిని గురించి నాస్తికులు చెప్పనిదే మనకు తెలియకపోవడము విడ్డూరముగా లేదా? స్త్రీ శరీరములో, మూత్రద్వారమునకు కొంచెము పైన, చిన్న మొగ్గవంటి అవయవము ఒకటి ఉన్నది. బిడ్డను కనడములో దానికి పని లేదు, మూత్రముతో పని లేదు. స్త్రీకి సుఖము కలిగించడము ఒక్కటే దాని పని. సృష్టికర్త పొరపాటున దానిని అక్కడ పెట్టలేదు. ముట్లు నిలిచినంత మాత్రాన ఆ అవయవము పని మానదు. రక్తప్రసరణ తగ్గినందున మేల్కొనడానికి ఎక్కువ సమయము పడుతుంది, అంతే. అనేకమంది స్త్రీలకు కేవలము సంభోగము వలన తృప్తి కలుగదు, చేతి స్పర్శ కావలెను. ఇరవై ఏండ్లనాడు అయిదు నిమిషములు చాలినది ఇప్పుడు అరగంట పట్టవచ్చును. సహోదరులారా, తొందరపడకండి. మీకును షుగరు, బి.పి. వచ్చి ఉంటే మీ శరీరము కూడ ఆ తొందరకు ఒప్పుకోదు గదా! దానికీ వైద్యము ఉన్నది. భార్య మీద విసుక్కోవడము దానికి మందు కాదు.

మరొక అభ్యాసము. మూత్రము మధ్యలో ఆపేటప్పుడు బిగించే కండరములు ఉన్నవి చూడండి, కాన్పులతో అవి వదులవుతాయి. వాటిని బిగించి, అయిదారు లెక్కపెట్టి, వదలవలెను. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు దీనిని ప్రచురించాడు. దగ్గినా తుమ్మినా మూత్రము జారేవారికి ఇది బాగా ఉపయోగము, కొందరికి సుఖమును కూడ పెంచుతుంది. పప్పు రుబ్బుతూ, బస్సులో కూర్చుండి కూడ చేయవచ్చును. ఎవరికీ తెలియదు.

ఆదికాండము 18వ అధ్యాయములో శారమ్మను చూడండి. స్త్రీ ధర్మము ఆమెకు నిలిచిపోయినదని లేఖనమే చెబుతున్నది. బిడ్డ పుట్టునన్న మాట గుడారపు ద్వారము వెనుక విని ఆమె తనలో నవ్వుకున్నది. ఆ నవ్వులో ఆమెకు మొదట తోచినది బిడ్డ కాదు, సుఖము. ఈ వయసులో నాకింకా సుఖమా అన్నది ఆమె ప్రశ్న. హెబ్రీలో అక్కడ ఉన్న మాట "ఎద్నా". ఏదెను తోట పేరుకు దగ్గరి బంధువు ఆ మాట. తన భర్త కూడ ముసలివాడు గదా అని కూడ ఆమె అనుకున్నది. దేవుడు ఆ నవ్వును అబ్రాహాముతో ప్రస్తావించినప్పుడు ఆమె తన వయసును గురించి అన్న మాటను చెప్పాడు గాని, భర్త ముసలితనమును గురించి అన్నది ఆయనకు చేరవేయలేదు. ఎంత మర్యాద! సుఖము అన్న మాటకు ఆమెను గద్దించనూ లేదు.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయమును మగవారు భార్యల మీద ప్రయోగించడము మేము ఎరుగుదుము. ఆ వచనములను పూర్తిగా చదవండి. భర్త భార్యకు చేయవలసిన దానిని ముందు చెప్పి, తరువాత భార్య వంతు చెప్పాడు. భర్త శరీరము మీద భార్యకు అధికారము ఉన్నదన్నాడు. అక్కడ పిల్లలను కనడము ఒక కారణముగా చూపలేదు గనుక, పిల్లలు కనే వయసు దాటితే దాంపత్యము ముగిసినదని ఎవరును చెప్పరాదు. నొప్పితో కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్న భార్యను ఈ వాక్యము చూపి బలవంతము చేసేవాడు వాక్యమును చదివినవాడు కాడు.

మన ఊళ్ళలో ఇంకొక చిక్కు. కోడలు కాపురానికి వచ్చినా, మనుమడు పుట్టినా, అత్తమామలు వేరు పడుకోవలెనన్నది చెప్పని కట్టుబాటు. అత్తకు వంటయింటిలో చాప, మామకు అరుగు మీద నులక మంచము. ఉన్న ఒక్క గది కొత్తగా పెండ్లయిన వారికి ఇవ్వడము న్యాయమే. కాని నలభై ఎనిమిదేండ్ల ఆడమనిషి భర్త ప్రక్కన కూర్చుంటే నవ్వే కోడళ్ళు, ఇరుగు పొరుగు, ఆమెకు సగము ముసలితనమును తామే తెచ్చిపెడుతున్నారు. కుమారులారా, ఇల్లు కట్టేటప్పుడు అమ్మానాన్నలకు తలుపు ఉన్న గది ఒకటి వేయండి. బాగా కలిగినవారు కూడ దీనిని మరచిపోవడము మేము చూచాము.

చివరగా ప్రమాద సూచనలు. ముట్లు నిలిచి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క రక్తము కనిపించినా "మళ్ళీ ముట్టు వచ్చింది" అని ఊరుకోవద్దు. భర్తతో కలిసిన తరువాత రక్తము కనిపించినా, దుర్వాసనతో నీరు పోతున్నా అంతే. అన్నిసార్లు అది క్యాన్సరు కాదు గాని, క్యాన్సరు అయితే ముందుగా పట్టుకున్నప్పుడే నయమవుతుంది. 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు గర్భాశయ ముఖద్వారమును అయిదేండ్లకు ఒకసారి పరీక్షించవలెనని ప్రభుత్వ పథకము ఉన్నది. మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, ఏ.ఎన్.ఎం. గారిని గాని అడగండి, ఎక్కడ, ఏ రోజున చేస్తారో చెబుతారు. లేడీ డాక్టరే చూడవలెనని అడగడానికి మొహమాటపడవద్దు. నోటితో చెప్పడానికి సిగ్గయితే, నొప్పి ఎప్పటినుండి ఉన్నది, రక్తము ఎన్నిసార్లు కనిపించింది, చివరి ముట్టు ఎప్పుడు అన్న మూడు సంగతులు చీటీ మీద వ్రాయించుకొని వెళ్ళి డాక్టరమ్మ చేతిలో పెట్టండి.