నవల ముగిసిన పిదప: 'అన్నా కరెనినా' పరిష్కరణము, తాత్పర్య సంగ్రహము

నవల వ్రాసి ముగించిన రచయితకు మిగులు పనులు రెండు. మొదటిది, వ్రాతప్రతిని ఆమూలాగ్రముగ దిద్దుట. రెండవది, 'నీ నవల దేనిని గూర్చినది?' అని అడిగినవారికి రెండు మూడు వాక్యములలో బదులు చెప్పుట. మొదటి పనికి నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. రెండవది నిమిషములో ముగియవలసినదని లోకము తలచును. ప్రకాశకుడు అట్ట వెనుక వేయుటకు నాలుగు పంక్తులు కోరును. పరీక్షాపత్రము ఇతివృత్తమును సంగ్రహింపుమని అడుగును. పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథములో ఒక్కొక్క నవలకు ఒక్కొక్క పుట కేటాయించి కథ చెప్పి సాగిపోవును. అట్టి పుటలను దిద్దువారిలో నేనును ఒకడను. వానిలో కథ సరిగానే యుండును. తప్పులు పట్టుటకు వీలుండదు. కాని నవల మాత్రము అందు కనిపింపదు.

ఈ లోపమునకు కారణము సంగ్రహము చిన్నదగుట కాదని నా అభిప్రాయము. పరిష్కరణమును, సంగ్రహమును మనము సంబంధము లేని రెండు పనులుగ భావించుటయే కారణము. రచయిత దేనిని కొట్టివేసెనో, దేనిని ముందునుండి వెనుకకు జరిపెనో, ఎవరెంత చెప్పినను దేనిని విడువకుండెనో, వానికి సమాధానము చెప్పగలిగినదే నవలయొక్క సరియైన సంగ్రహము. కథను కుదించినంత మాత్రమున అది రాదు. దీనిని నిరూపించుటకు చిత్తుప్రతులును, రచయిత మాటలును రెండును దక్కిన నవల యొకటి కావలెను. లియో టాల్‌స్టాయ్ రచించిన 'అన్నా కరెనినా' అట్టిది. 1928 నుండి 1958 వరకు తొంబది సంపుటములుగ వెలువడిన ఆయన సమగ్ర రచనలలో ఈ నవల చిత్తుప్రతులకును, ఆ కాలపు లేఖలకును చోటు దొరకినది.

1872 జనవరిలో టాల్‌స్టాయ్ ఇంటికి చేరువనున్న రైలు స్టేషనులో అన్నా పిరగోవా అను స్త్రీ బండిక్రింద పడి మరణించెను. ఆమె పొరుగు భూస్వామి ఇంటి పెత్తనము చూచుచుండినది. ఆమె దేహమును టాల్‌స్టాయ్ స్వయముగ చూచెను. మరుసటి సంవత్సరము మార్చిలో పూష్కిన్ రచించిన అసంపూర్ణ కథాఖండమొకటి చదివి, అది నేరుగ అతిథులు చేరుటతో మొదలగు తీరునకు మెచ్చి, తానును నవల నారంభించెను. మొదటి చిత్తులో కథానాయిక పేరు అన్నా కాదు, తత్యానా స్తావ్రోవిచ్. నాటకశాల నుండి మరలి వచ్చిన గొప్పవారు ఒక రాజకుటుంబ స్త్రీ ఇంట చేరి కబురులాడుచుండగా కథ ఆరంభమగును. భర్తను కాదని మరొకనిని వలచిన స్త్రీ, ఆమె భర్త, ఆమె ప్రియుడు: అప్పటికి నవలలో ఉన్నది ఇంతియే. ఇప్పుడు నవలలో సగమును ఆక్రమించిన లెవిన్ ఆ మొదటి సంకల్పములో లేనే లేడు. నడుమ నొకప్పుడు 'రెండు వివాహములు' అను పేరు పెట్టదలచినట్లు చిత్తులు చెప్పుచున్నవి.

మొదటి చిత్తునకును అచ్చుప్రతికిని గల భేదములలో నాకు మిక్కిలి ముఖ్యముగ తోచునది ఆరంభము మారుట. కబురుల సభ పోలేదు. అది రెండవ భాగములోనికి, బెట్సీ అను ఆమె ఇంటికి పోయినది. దాని స్థానమున ఒబ్లోన్‌స్కీ సంసారము వచ్చినది. భర్త అపరాధము భార్యకు తెలిసినది, పిల్లలు దిక్కులేనివారివలె తిరుగుచున్నారు, వంటమనిషి వెడలిపోయినాడు. ఆ ఇంటిని నిలబెట్టుటకు పీటర్సుబర్గు నుండి చెల్లెలు వచ్చును. ఆ చెల్లెలే అన్నా. అన్న ఇంటిని అతుకబెట్ట వచ్చిన ప్రయాణముననే తన ఇల్లు విరుగుటకు బీజము పడినది. 'ఇది వ్యభిచార కథ' అని సంగ్రహము చెప్పువారు ఈ మార్పునకు కారణము చూపజాలరు. అట్టి కథకు మొదటి ఆరంభమే చాలియుండును.

ఈ నవల 1875 నుండి 1877 వరకు మిఖయిల్ కట్కోవ్ సంపాదకత్వమున 'రూస్కీ వేస్త్‌నిక్' అను మాసపత్రికలో విడిచి విడిచి వెలువడెను. ఆ దినములలో ప్రూఫులు దిద్దిన తీరును రచయిత కుమారుడు ఇల్యా తన జ్ఞాపకములలో వర్ణించినాడు. మొదట అంచులలో అక్షరదోషముల గుర్తులు, పిదప పదములు, పిదప వాక్యములు, కొట్టివేతలు. కాగితము నల్లబడి మరెవ్వరికిని చదువరాని స్థితి వచ్చును. భార్య సోఫియా రాత్రి మేల్కొని దానిని శుభ్రముగ ఎత్తి వ్రాసి ఉదయమున బల్లపై పెట్టును. ఒక్కసారి చూచుకొందునని తీసికొనిపోయిన భర్త మరల దానిని నల్లగ చేసి తెచ్చును. తపాలాలో పంపిన తరువాత కూడ ఒకటి రెండు మాటలు మార్చుటకు తంతి కొట్టిన సందర్భములు కలవు. (మన ముద్రాపకులు ఆయనను ఎంతకాలము భరించియుందురో చెప్పలేను.)

ఇట్లు దిద్దుచుండగా జరిగిన ఒక సంగతిని టాల్‌స్టాయ్ 1876 ఏప్రిలులో విమర్శకుడును మిత్రుడును నగు నికొలాయ్ స్ట్రాఖోవ్‌నకు వ్రాసెను. అన్నా భర్తను కలిసికొన్న తరువాత వ్రోన్‌స్కీ తన స్థితిని ఎట్లు భావించెనో తెలుపు ప్రకరణము వ్రాసి ముగించియుండెను. దానిని దిద్ద మొదలిడగా, తాననుకొనకయే, అయినను సందేహమునకు తావు లేకుండ, వ్రోన్‌స్కీ తన్ను తాను కాల్చుకొనెనట. తరువాతి కథకు అది అవసరమని పిదప తెలిసినదట. పరిష్కరణమనగా అక్షరములు సవరించుట యని తలచువారు ఈ లేఖను చదువవలెను. పరిష్కరణ వేళయందే నవల తన అర్థమును రచయితకు తెలియజేసినది.

ఆ లేఖలోనే మన విషయమునకు ముఖ్యమైన మరియొక మాట కలదు. ఈ నవలతో తాను చెప్పదలచినదంతయు మాటలలో చెప్పవలసివచ్చినచో ఆ నవలనే మొదటినుండి మరల వ్రాయవలసియుండునని టాల్‌స్టాయ్ అనెను. ఒక్కొక్క భావము తక్కినవానితో ముడిపడి యున్నప్పుడే దానికి విలువ. విడదీసి చెప్పినచో దిగజారిపోవును అని ఆయన వాదము. దీనిని ఉదాహరించి నవలకు సంగ్రహమే కూడదని వాదించువారు కలరు. కాని అట్టివారు మరుసటి సంవత్సరపు సాక్ష్యమును గమనింపరు. 1877 మార్చిలో సోఫియా తన దినచర్యలో భర్త మాట యొకటి వ్రాసికొనెను. రచన బాగుండవలెనన్న అందలి ప్రధానభావమును రచయిత ప్రేమింపవలెననియు, 'యుద్ధము–శాంతి'లో తాను ప్రేమించినది ప్రజాభావమనియు, 'అన్నా కరెనినా'లో ప్రేమించుచున్నది కుటుంబభావమనియు ఆయన చెప్పెనట. అప్పటికి నవల చివరి భాగములు చేతిలో నున్నవి. త్వరగా దీనిని వదలించుకొని క్రొత్త నవల మొదలిడవలెనను ఆతురతతో అన్న మాట యది. ఆ క్రొత్త నవల పూర్తి కాలేదు.

ఈ రెండు మాటలకును వైరుధ్యము లేదు. మొదటిది నవల చెప్పునదంతయు ఏమి అను ప్రశ్నకు నిరాకరణము. రెండవది నవల ఏమి చెప్పుచున్నదో తెలుపదు. దానిని వ్రాయుచున్నప్పుడు రచయిత మనస్సు దేనియందు నిలిచినదో తెలుపును. అర్థమును పిండి ఇచ్చుట వేరు, అర్థములన్నియు ముడిపడు చోటును చూపుట వేరు. పరిశోధకులు మరియొక జాగ్రత్త కూడ వహింపవలెను: ఇది రచయిత వ్రాసిన వాక్యము కాదు, విన్నవారు వ్రాసికొన్నది. కావున దానిని ప్రమాణముగ గ్రహించుటకు ముందు గ్రంథముతో సరిచూడవలెను.

సరిచూచుటకు మనకు పరాయి పద్ధతులతో పనిలేదు. మీమాంసకులు గ్రంథ తాత్పర్యమును నిర్ణయించుటకు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి అను లింగములను చెప్పిరి. అన్నిటిని నవలకు అంటగట్టుట చాదస్తమే యగును. కాని మొదటి రెండును మనకు చక్కగ ఉపకరించును. ఉపక్రమము ఒబ్లోన్‌స్కీ చెదరిన ఇల్లు. ఉపసంహారము లెవిన్ నిలిచిన ఇల్లు. నడుమ అభ్యాసముగ మూడు సంసారములు, ఒబ్లోన్‌స్కీది, కరెనిన్‌ది, లెవిన్‌ది, ఒకదాని ప్రక్క నొకటి మరల మరల వచ్చుచుండును. అన్నా, లెవిన్ కథలో ఒక్కసారియే, ఏడవ భాగములో, కలిసికొందురు. రెండు కథలను కలుపునది ఏదియు లేదని ఆక్షేపించిన రచిన్‌స్కీ అను మిత్రునకు 1878 జనవరిలో టాల్‌స్టాయ్ బదులు వ్రాయుచు, కమానులోని రాళ్ళు కలిసిన చోటు కనబడకుండ కట్టితిననియు, ఆ కూర్పు కథమీదగాని పాత్రల పరిచయముమీదగాని ఆధారపడలేదనియు చెప్పెను. కుటుంబభావమను సంగ్రహము ఇన్నిటికి సమాధానము చెప్పగలుగుచున్నది. వ్రోన్‌స్కీ తుపాకి గుండునకు మాత్రము పూర్తిగ చెప్పజాలదు. ఎంత మంచి సంగ్రహమైనను కొంత మిగులుట సహజము. మిగిలినదానిని దాచుట తప్పు.

ఇక చెడ్డ సంగ్రహమునకు ఉదాహరణము కూడ ఈ నవల చరిత్రయందే దొరకుచున్నది. ఎనిమిదవ భాగములో సెర్బియా యుద్ధమునకు పోవు రష్యన్ స్వచ్ఛంద సైనికుల ఉత్సాహమును టాల్‌స్టాయ్ శంకించెను. కట్కోవ్‌నకు అది సరిపడలేదు, మార్పులు కోరెను. రచయిత ఒప్పుకొనలేదు. అప్పుడు పత్రిక 1877 మే సంచికలో చిన్న ప్రకటన వేసి ఊరకుండెను. కథానాయిక మరణముతో నవల నిజమునకు ముగిసినదనియు, రచయిత ఉద్దేశము ప్రకారము రెండు ఫారముల ఉపసంహారము ఉండవలసినదనియు, అందు వ్రోన్‌స్కీ దుఃఖముతో సెర్బియాకు పోవుననియు, తక్కినవారందరు క్షేమమనియు, లెవిన్ పల్లెలోనే యుండి స్లావు సంఘములమీదను, సైనికులమీదను కోపించుచుండుననియు దాని సారాంశము. ఇందు వాస్తవమునకు విరుద్ధమైనది ఇంచుమించుగ లేదు. అయినను, ఉపసంహారమును తొలగించి నవల ముగిసినదని ప్రకటించుటచేత అది అన్నా ఒక్కతె కథయై కూర్చున్నది. టాల్‌స్టాయ్ ఆ భాగమును ఆ సంవత్సరమే వేరుగ పుస్తకముగ అచ్చు వేయించెను.

ఆ వేసవిలో స్ట్రాఖోవ్ యాస్నయా పొల్యానాకు వచ్చి, 1878లో వెలువడనున్న పుస్తక ముద్రణకై నవలను రచయితతో కలిసి దిద్దెను. విరామచిహ్నములు, భాషాదోషములు తాను గుర్తించుటయు, వానిని చూచి టాల్‌స్టాయ్ మార్చుటయు పద్ధతి. పైకి అజాగ్రత్తగ వ్రాసినట్లు కనిపించు వాక్యములను సయితము ఆయన పట్టుదలతో సమర్థించెననియు, నిరపాయములగు మార్పులకు కూడ ఒప్పుకొనలేదనియు స్ట్రాఖోవ్ సాక్ష్యము. ప్రకరణములకు ప్రకరణములు కొట్టివేసిన చేయియే చివరకు ఒక్కొక్క మాటకు కాపలా కాచినది. పరిష్కరణము ముగిసినదని చెప్పుటకు ఇంతకన్న మంచి గుర్తు నాకు తెలియదు.

తెలుగున ఇట్టి పరిశీలనకు సామగ్రి తక్కువ. నవల కాకపోయినను 'కన్యాశుల్కము' ఒక్కటి మనకు మార్గము చూపగలదు. 1897 నాటి ప్రతికిని 1909 నాటి ప్రతికిని భేదము స్వల్పము కాదు. అయిదంకములు ఏడయినవి, మధురవాణి పాత్ర మిక్కిలి పెరిగినది. పీఠికలో గురజాడ చెప్పిన సంస్కార ప్రయోజనమునే నాటక సంగ్రహముగ వ్రాయు విద్యార్థి, ఈ పెరుగుదల కెందుకు చోటిచ్చెనో కూడ చెప్పవలసియుండును. సంస్కారమునకు మొదటి ప్రతియే చాలియుండెను గదా!

మరల ఎనిమిదవ భాగమునకు వత్తము. పత్రిక అక్కరలేదన్న ఆ భాగము చివర, ఉరుము తుపాను వెలసిన రాత్రి, లెవిన్ అరుగుమీద నిలిచి ఆకాశమును చూచుచుండును. ఇంతకాలము తాను వెదకిన దేదో ఆనాడు ఒక రైతు మాటవలన అతనికి దొరకినది. భార్య కిట్టీ అచటికి వచ్చును. ఆమెకు చెప్పుదమని అతడు నోరు తెరవబోవును. ఇంతలో ఆమె, అతిథికి ఇచ్చిన గదిలో చేతులు కడుగుకొను క్రొత్త తొట్టి అమర్చిరో లేదో చూచి రమ్మని చెప్పును. అతడు చెప్పక మానును. అది తనకు మాత్రమే కావలసినదనియు, మాటలకు అందనిదనియు అనుకొనును. పత్రిక సంగ్రహములో ఆ గది లేదు, ఆ తొట్టి లేదు, ఆ మానుకొన్న మాట లేదు. లెవిన్ పల్లెలో కోపముగ నున్నాడని మాత్రము కలదు.