గౌతమి ఒడ్డున నిరీక్షణ

యానాం: ‘ప్రభువు చిత్తమైతే రేపొస్తామండీ.’ యానాంలో క్రైస్తవుల ఇంటికెళ్ళి పది నిమిషాలు కూర్చుంటే ఈ మాట ఒక్కసారైనా చెవిన పడుతుంది. ప్రభువు చిత్తమైతే తెల్లారి వేటకెళ్ళాలి. ప్రభువు చిత్తమైతే ఈస్టరు దాటాక అమ్మాయి పెళ్ళి. ప్రభువు చిత్తమైతే వానల్లోపు పైకప్పు వేయించాలి. కొత్తగా విన్నవాళ్ళకు ఊతపదంలా ఉంటుంది. చాలామంది అలవాటుగానే అంటారు కూడా. కానీ పక్కనే గౌతమి, ఆ చివర సముద్రం ఉన్న ఊళ్ళో రేపటి గురించి గట్టిగా మాటివ్వడం ఎవరికైనా కష్టమే.

ముప్పై చదరపు కిలోమీటర్ల ప్రాంతం. 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. పాలన పుదుచ్చేరిది, చుట్టూ ఆంధ్రా. హిందువులే ఎక్కువ. మీసాల వెంకన్న కల్యాణమంటే ఊరంతా కదులుతుంది. క్రైస్తవులు కొద్దిమందే అయినా వాళ్ళలోనూ గోదావరి జిల్లాల్లో మాదిరే రకరకాల సంఘాలు. ఒక ఇంట్లో ‘ఫాదరుగారు’, పక్కింట్లో ‘పాస్టరుగారు’. ఒకరిది దివ్యబలి పూజ, ఇంకొకరిది ఆరాధన. ఒకరు విచారణ అంటే ఇంకొకరు సంఘం అంటారు. అన్ని ఇళ్ళల్లోనూ వినపడే మాట మాత్రం ఒకటుంది. నిరీక్షణ.

మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. బస్సు కోసమో, కబురు కోసమో చేసేది. తెలుగు బైబిలు మాత్రం ఆశ అనాల్సిన చోట ఎక్కువగా ఈ మాటనే వాడింది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో విశ్వాసానికి, ప్రేమకు మధ్య నిలబడింది ఇదే. ఆశకు మన భాషలో కాస్త చెడ్డపేరుంది. హద్దు దాటితే దురాశ, మనిషికి అంటుకుంటే ఆశపోతు. నిరీక్షణకు ఆ బెడద లేదు. దానికి కావలసిందల్లా ఓర్పు. వేటకెళ్ళిన బోటు పొద్దుగూకినా రాకపోతే రేవులో నిలబడ్డ ఆడవాళ్ళు చేసేది ఆశపడటమా, ఎదురుచూడటమా అని విడదీసి చెప్పడం ఎవరితరమూ కాదు. తెలుగు బైబిలు ఆ రెంటినీ ఒకే మాటలో పెట్టింది.

ఉప్పెనకు ముందు, తర్వాత

యానాం కేథలిక్ చర్చి చరిత్రే ఒక ఎదురుచూపు. ఫ్రెంచివారి ఏలుబడిలో, 1836లో ఫాదర్ మిషెల్ లెక్నామ్ ఇక్కడికి వచ్చారు. చర్చికి పునాది పడకముందే అదే ఏడాది కన్నుమూశారు. మూడేళ్ళకు, 1839 నవంబరు 25న, ఉప్పెన. పక్కనే ఉన్న కోరంగి రేవును సముద్రం ఊడ్చుకుపోయింది. ఓడలు కట్టిన ఊరు, విదేశాలకు సరుకు పంపిన ఊరు, ఆ దెబ్బతో మళ్ళీ లేవలేదు. ఎంతమంది పోయారన్న దానిపై లెక్కలు కలవవు. మూడు లక్షలని రాసే పుస్తకాలున్నాయి, అంత ఉండదనే వాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత ఏడేళ్ళకు, 1846లో, చర్చి కట్టడం పూర్తయింది. లోపలి సామాన్లు చాలావరకు ఫ్రాన్స్ నుంచి ఓడల్లో వచ్చాయి. మరో మూడేళ్ళకు ఆల్ప్స్ కొండల దగ్గరి అనెసీ పట్నం నుంచి సెయింట్ జోసఫ్ సిస్టర్లు వచ్చారు. మన దేశంలో వాళ్ళ పని మొదలైంది యానాంలోనే. సముద్రం మింగిన తీరంలో, ఆ భయం ఆరకముందే గోడలు లేపడాన్ని ధైర్యమనాలో, మొండితనమనాలో!

చర్చి పేరు కూడా ఊరికి తగ్గట్టే కుదిరింది. పునీత అన్నమ్మ మేరీమాతకు తల్లి. ఆమె ప్రస్తావన బైబిల్లో ఎక్కడా లేదు. ఉన్నదంతా తొలి శతాబ్దాల నుంచి వస్తున్న సంప్రదాయం చెప్పే కథే. ఏళ్ళ తరబడి పిల్లల్లేక, నలుగురిలో మాటపడి, వయసు మళ్ళాక మేరీని కన్నదని చెబుతారు. అందుకే ప్రపంచంలో ఎక్కడ అన్నమ్మ గుడి ఉన్నా బిడ్డల కోసం మొక్కుకునే తల్లులు వెతుక్కుని వెళ్తారు. ఆమె పండుగ జులై 26. దానికి ముందు తొమ్మిది రోజుల నవదిన ప్రార్థనలంటే జులై 17 నుంచి లెక్క.

జులై అంటే గోదారికి ఎర్రనీళ్ళొచ్చే కాలం. ఆ నీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి పులస వస్తుంది. యానాం మార్కెట్‌లో దాని వేలంపాట వార్తలు పేపర్లలో ప్రతి ఏడాదీ వచ్చేవే. ఏ నీళ్ళు పులసను తెస్తాయో ఆ నీళ్ళే ఇల్లూ ముంచుతాయి. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులై 16న అక్కడ ప్రవాహం 25 లక్షలు దాటింది. యానాంలో నది పక్క కాలనీలు మునిగాయి. 1986, 2006 వరదలు చూసిన పెద్దవాళ్ళకు ఇది కొత్త కాకపోయినా, ప్రతిసారీ పోయేది కొత్త సామానే. మర్నాడు 17, ఆదివారం. నవదినాలకు మొదటి రోజు. ప్రార్థన చేయమని ఎవరూ చెప్పనక్కర్లేదు గానీ, మోకాళ్ళూనడానికి కాస్త పొడినేల వెతుక్కోవాల్సిన రోజు అది.

కార్డు మీద ఒక ఏడాది

విశ్వాసమంటే పండుగ రోజు కనపడేదే అనుకుంటే పొరపాటు. క్రిస్మస్ స్టార్లు, సెమీ క్రిస్మస్ కేకులు, మైకుల్లో పాటలు నెలరోజుల ముచ్చట. మిగిలిన పదకొండు నెలలు ఇంటి గోడ మీద ఉండేది వాగ్దాన కార్డు. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన అయ్యాక, పన్నెండు దాటగానే పళ్ళెంలోంచి ఒక్కొక్కరూ ఒక కార్డు తీసుకుంటారు. దాని మీద బైబిలు వాక్యం ఒకటి ఉంటుంది. అదే ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట. కొందరు పర్సులో పెట్టుకుంటారు, కొందరు బీరువా అద్దానికి అంటిస్తారు. పరీక్ష తప్పినప్పుడు, అప్పుల వాడు గుమ్మంలో నిలబడినప్పుడు, స్కానింగ్ రిపోర్టు కోసం కూర్చున్నప్పుడు ఆ కార్డు వంక చూడటం అలవాటు. చీటీ తీయడం లాంటిదేనని ఎగతాళి చేసేవాళ్ళకు కొదవలేదు. దేవుని మాటను లాటరీ చేయొద్దని చెప్పే పాస్టర్లూ ఉన్నారు. నిజమే. అయినా ఏడాది పొడుగునా ఒకే మాటను కళ్ళముందు పెట్టుకుని బతకడం తేలికేమీ కాదు. మంచి మాట దొరికిన ఏడాదే చెడ్డ కబురు వస్తే మరీ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. అరవై ఒక్క రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మంచిదే. కానీ ఇంట్లో బియ్యం డబ్బాకు ఆ సంగతి తెలియదు. నలభై రోజుల శ్రమదినాలు ఉపవాసాలతో గడిచి ఈస్టరు వచ్చేసరికి, దాదాపు ఆ పక్కనే ఈ రెండో ఉపవాసం మొదలవుతుంది. ఇది ఎవరూ మొక్కుకున్నది కాదు. గంగమ్మకు మొక్కేవాళ్ళు, మేరీమాతకు మొక్కేవాళ్ళు ఒకే బోటులో వెళ్తారు కాబట్టి ఖాళీ కూడా ఇద్దరికీ కలిసే వస్తుంది. ఇంటింటా జరిగే ప్రార్థన కూటాల అసలు విలువ అప్పుడు తెలుస్తుంది. పేరుకు పాట, వాక్యం, టీ. కానీ పదిమంది ఆడవాళ్ళు ఒక గదిలో గంటసేపు కూర్చుంటే ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో అడక్కుండానే తెలిసిపోతుంది. మర్నాడు ఆ ఇంటికి బియ్యం చేరితే దేవుడు పంపాడంటారు. ఎవరి చేత పంపాడో ఆరా తీయకపోవడం కూడా ఒక మర్యాదే.

ఎదురుచూపు వేటగాళ్ళదే కాదు. 2012 జనవరి 27న కార్మిక నాయకుడి మరణం, ఆ వెంటనే ఫ్యాక్టరీ ఉన్నతాధికారి హత్య, మంటలు. యానాంలో వేల ఇళ్ళకు అన్నం పెట్టిన సిరామిక్ టైల్స్ ఫ్యాక్టరీ అలా ఒక్కరోజులో మూతపడింది. గేటు తెరుస్తారని చూసిన ఏళ్ళు చాలానే. అలాంటి చోట పండుగనాటి ప్రసంగం కంటే, ‘ఈ వారం పని దొరికిందా’ అని అడిగే మనిషే ఎక్కువ పనికొస్తాడు.

నూనె, మాత్ర

యాకోబు పత్రిక అయిదో అధ్యాయం జబ్బుపడ్డవాళ్ళ కోసం సంఘ పెద్దలు నూనె రాసి ప్రార్థన చేయాలంటుంది. అన్ని సంఘాల్లోనూ ఏదో ఒక రూపంలో ఈ ఆచారం ఉంది. తలమీద చెయ్యి పెట్టి ఎవరైనా పేరుపెట్టి ప్రార్థన చేస్తే రోగికి దక్కే ధైర్యం చిన్నది కాదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, షుగరు మాత్ర మానేస్తేనే నిజమైన విశ్వాసమని చెప్పే స్వస్థత సభల దగ్గర. నయం కాకపోతే తప్పు రోగి మీదకే పోతుంది, నీకు విశ్వాసం చాలలేదని. జబ్బు ఒక దెబ్బ, ఈ మాట రెండో దెబ్బ. సువార్త రాసిన లూకా వైద్యుడేనని, కొలొస్సయుల పత్రికలో పౌలే ఆయన్ని అలా పిలిచాడని ఈ సభల్లో గుర్తుచేసేవాళ్ళు తక్కువ. యానాంలో 90 పడకల జిప్‌మర్ వైద్య కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ప్రార్థన చేయించుకుని ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడేవాళ్ళకు ఆ రెంటి మధ్య ఏ తగాదా కనపడదు.

జవాబు రాని ప్రార్థన

ఇంతవరకూ చెప్పినవి కష్టమైనా గడిచే సంగతులు. గడవనిది ఒకటుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తీరాన్ని తుపాను కొట్టింది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి తోటలు నేలకొరిగాయి. యానాం ఎదుటి తీరంలో బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి ఊళ్ళ నుంచి వేటకెళ్ళినవాళ్ళు వందల్లో తిరిగి రాలేదు. చాలామందికి శవం కూడా దొరకలేదు. ఆ రాత్రి ఈ తీరంలో ప్రార్థన చేయని ఇల్లు, ఏ మతంలోనైనా, ఉండి ఉండదు. కొందరు వచ్చారు, కొందరు రాలేదు. వచ్చినవాళ్ళ ఇంట్లో సాక్ష్యం చెప్పుకుంటారు. రానివాళ్ళ ఇంట్లో ఏం చెప్పాలి?

ఏడేళ్ళు కబురు తెలియని మనిషిని చనిపోయినట్లే భావించవచ్చని సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదే మాట 111వ సెక్షన్‌లో ఉంది. చట్టం ఎదురుచూపుకు అలా ఒక గడువు పెట్టింది. పింఛనుకు, పొలం కాగితాలకు, బ్యాంకు ఖాతాకు ఆ గడువు అవసరం. గుమ్మంవైపు చూసే అలవాటుకు మాత్రం ఆ గడువు పట్టదు.

ఇలాంటి ఇళ్ళల్లో పరామర్శకు వెళ్ళినవాళ్ళు ఎక్కువగా చదివేవి 23వ కీర్తన, 91వ కీర్తన. రెండూ కాపుదల గురించి చెప్పేవే. 88వ కీర్తనను ముట్టుకునేవాళ్ళు అరుదు. అది మొరతో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది, చివర్లో ఓదార్పు కూడా ఉండదు. దాన్ని తీసేయకుండా బైబిల్లో ఉంచారంటే అలా మొరపెట్టుకునే హక్కు విశ్వాసికి ఉందనే కదా. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు అతని పక్కన నేలమీద ఊరికే కూర్చున్నారు. నోరు విప్పి కారణాలు చెప్పడం మొదలెట్టాకే సంగతి చెడింది. ‘అంతా మన మంచికే’ అని గుమ్మంలోనే అనేసే చుట్టాలు ఈ భాగాన్ని ఒకసారి చదివితే బాగుండు.

నవంబరు 2 సమాధుల పండుగ. ముందురోజే గడ్డి పీకి, సున్నం వేస్తారు. సాయంత్రానికి బంతిపూలు, కొవ్వొత్తులు, అగరొత్తులు. ఫాదరుగారు పవిత్ర జలం చల్లుతారు. సమాధి ఉన్నవాళ్ళు సమాధి దగ్గర కూర్చుంటారు. లేనివాళ్ళకు కేథలిక్ సమాధుల తోటల్లో మధ్యనుండే పెద్ద సిలువ ఉంది. దూరదేశంలో పోయినవాళ్ళకు, ఆచూకీ దొరకనివాళ్ళకు వెలిగించే కొవ్వొత్తి దాని మొదట్లోనే పెడతారు. తుపాను గాలి ఉన్న ఏడాది అవి నిలవవు. ఆరితే పక్కవాళ్ళ కొవ్వొత్తితో మళ్ళీ అంటిస్తారు.

ఆ పండుగకు, తుపాను వచ్చిన తారీకుకు మధ్య నాలుగు రోజులే తేడా. ఆ వారంలో కాకినాడ పోర్టులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో కనుక్కునే బోట్లు కదుపుతారు. మూడో నంబరంటే తాళ్ళు బిగించి కట్టేసి ఇంటికొస్తారు. ప్రభువు చిత్తమైతే గాలి తగ్గాక.