కార్డ్‌లెస్ రెసిప్రొకేటింగ్ సా: మెషిన్ కన్నా ముందు బ్లేడ్ చూడండి

వేములవాడ నుంచి కోరుట్ల వెళ్లే దారిలో ఉండే రుద్రంగిలో గల్ఫ్‌కి వెళ్లొచ్చినవాళ్లు లేని వాడ దొరకడం కష్టం. ఒకప్పుడు సెలవుకు వచ్చేవాళ్ల సూట్‌కేసులో టేప్ రికార్డర్లు, సెంటు సీసాలు ఉండేవి. తర్వాత ఫోన్లొచ్చాయి. ఇప్పుడు బ్యాటరీ డ్రిల్, గ్రైండర్, వాటితో పాటు రెసిప్రొకేటింగ్ సా కూడా వస్తున్నాయి. చూడ్డానికి చిన్న తుపాకీలా ఉండి, ముందు సన్నటి బ్లేడ్ ముందుకీ వెనక్కీ ఆడే రంపం అది.

వచ్చిన వారానికే వినిపించే మాట ఒకటుంది: "మిషన్ మంచిగ లేదన్నా. మామిడి కొమ్మ సగం కూడా తెగలే, బ్యాటరీ అయిపోయింది." చాలాసార్లు మెషిన్‌లో తప్పేమీ ఉండదు. ఇనుము కోసే బ్లేడ్ పెట్టి పచ్చి కొమ్మ కోస్తుంటారు, అంతే. మెషిన్ మీద వేలు ఖర్చుపెట్టి బ్లేడ్ దగ్గర ఆలోచించకపోతే ఇలాగే అవుతుంది. అందుకే ఈసారి మోడళ్ల పోలిక పక్కనపెట్టి, బ్లేడ్ గురించీ బ్యాటరీ గురించీ మాట్లాడుకుందాం.

టీపీఐ అంటే ఏంటి?

బ్లేడ్ మీద రాసి ఉండే ముఖ్యమైన నంబర్ టీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని పళ్లు అన్నది. ఫోన్ కెమెరా మెగాపిక్సెల్‌లా ఇది ఎక్కువుంటే మంచిదని అనుకోవద్దు. ఏం కోస్తున్నామన్నదాన్ని బట్టి మారాలి.

ఒక చిన్న లెక్క చూడండి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. 6 టీపీఐ బ్లేడ్‌లో పంటికీ పంటికీ మధ్య దూరం సుమారు 4.2 మి.మీ. గోడ మందం 2 మి.మీ. ఉన్న జీఐ పైపు మీద దీన్ని పెడితే, పైపు అంచు రెండు పళ్ల మధ్య సందులో ఇరుక్కుంటుంది. మెషిన్ గుంజుతుంది, పళ్లు రాలిపోతాయి. అదే 24 టీపీఐలో దూరం సుమారు 1 మి.మీ. మాత్రమే. ఒకేసారి రెండు పళ్లు ఆనుతాయి కాబట్టి కోత సాఫీగా సాగుతుంది.

పచ్చి కొమ్మ దగ్గర కథ తిరగబడుతుంది. తడి పొట్టు బయటికి రావాలంటే పళ్ల మధ్య పెద్ద సందు కావాలి. సన్న పళ్ల బ్లేడ్‌లో పొట్టు నిండిపోయి, బ్లేడ్ కోయడం మానేసి రాపిడి మొదలుపెడుతుంది. ఆ రాపిడి వేడికే మీ చార్జ్ ఖర్చవుతుంది.

ఏ పనికి ఏ బ్లేడ్?

- మామిడి, వేప పచ్చి కొమ్మలు: 3 నుంచి 5 టీపీఐ.
- మేకులున్న పాత దర్వాజ, దూలం, ప్యాకింగ్ చెక్క: 6 నుంచి 10 టీపీఐ, తప్పకుండా బై-మెటల్.
- పీవీసీ పైపు: 10 టీపీఐ చుట్టుపక్కల. నెమ్మదిగా కోయాలి, లేకపోతే ప్లాస్టిక్ కరిగి అంటుకుంటుంది.
- 3 నుంచి 8 మి.మీ. మందం ఇనుము, యాంగ్లర్: 14 టీపీఐ.
- పలుచటి పైపు, రేకు: 18 లేదా 24 టీపీఐ.

నంబర్ తర్వాత చూడాల్సింది లోహం. హెచ్‌సీఎస్ అని ఉంటే హై కార్బన్ స్టీల్. చవక, బాగా వంగుతుంది, కానీ మేకు తగిలితే పదును పోతుంది. కాబట్టి ఉత్త చెక్కకే వాడండి. బై-మెటల్‌లో వెనక వంగే స్టీల్, పళ్ల దగ్గర గట్టి హై స్పీడ్ స్టీల్ అతికించి ఉంటాయి. ఇంటి అవసరాలకు ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. కార్బైడ్ పళ్లవి ఖరీదు. పోత ఇనుము, గట్టి బోల్టులు రోజూ కోసేవాళ్లకే దాని విలువ.

పొడవు విషయానికొస్తే, కోసే వస్తువు మందం కన్నా బ్లేడ్ కనీసం 3 అంగుళాలు ఎక్కువుండాలి. 6 అంగుళాల కొమ్మకు 9 అంగుళాల బ్లేడ్. అవసరం లేకుండా 12 అంగుళాలది పెడితే ఊగిపోయి కోత వంకర వస్తుంది. వెనక తగిలించే భాగం దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే, అరంగుళం. కాబట్టి బాష్ బ్లేడ్ మకిటాకీ డివాల్ట్‌కీ పడుతుంది. బ్యాటరీలు మాత్రం అలా కలవవు.

కోసేటప్పుడు

బ్లేడ్ వెనక ఉండే లోహపు పాదం వస్తువుకు గట్టిగా ఆనాలి. ఆనకపోతే కొమ్మ, మెషిన్, మీ చేతులు మూడూ కలిసి ఊగుతాయి. చెక్కకు స్పీడ్ పెంచండి, ఆర్బిటల్ స్విచ్ ఉంటే ఆన్ చేయండి. ఇనుముకు స్పీడ్ తగ్గించి, ఆర్బిటల్ ఆపి, ఒక చుక్క నూనె వేయండి. పాత సిమెంట్ రేకుల జోలికి పోవద్దు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

కొమ్మ కరెంటు తీగకు దగ్గరగా ఉంటే మీరు ముట్టుకోవద్దు. రుద్రంగి వైపు సిరిసిల్ల సెస్‌కి, కోరుట్ల, జగిత్యాల వైపు ఎన్‌పీడీసీఎల్‌కి చెప్పి లైన్ ఆపించాకే పని. చెట్టునే మొదలంటా కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, ముందుగా అనుమతి గురించి కనుక్కోండి.

బ్యాటరీ: ఎండే అసలు శత్రువు

ముందుగా ఒక డౌట్ తీర్చేద్దాం. 18 వోల్ట్, 20 వోల్ట్ మ్యాక్స్ రెండూ ఒకటే. లోపల ఐదు లిథియం సెల్స్ వరుస. ఫుల్ చార్జ్‌లో 20 దాటుతుంది, వాడుతున్నప్పుడు సగటున 18. సత్తువ తెలియాలంటే వాట్ అవర్ చూడాలి. 18 వోల్ట్ 2 ఏహెచ్ అంటే 36, 4 ఏహెచ్ అంటే 72. కొమ్మలు కోయడానికి 4 ఏహెచ్ తీసుకోవడమే మేలు.

మే నెలలో మన దగ్గర ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఆ సమయంలో రేకుల షెడ్డులో, కారు డిక్కీలో బ్యాటరీ ఉంచితే దాని ఆయుష్షు తగ్గుతుంది. పని అయిన వెంటనే వేడి మీద చార్జింగ్ పెట్టొద్దు, చల్లారనివ్వండి. నెలల తరబడి వాడనప్పుడు సగం చార్జ్‌తో, మెషిన్ నుంచి తీసి, ఇంట్లో చల్లటి చోట పెట్టండి.

గల్ఫ్ నుంచి తెప్పించుకుంటున్నారా? విడి బ్యాటరీలు చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సామానులోనే తేవాలి. 100 వాట్ అవర్ దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. అంటే 18 వోల్ట్ 5 ఏహెచ్ (90) ఇబ్బంది లేదు, 6 ఏహెచ్ (108) అయితే అడగాలి. బ్లేడ్లు మాత్రం చెక్-ఇన్‌లోనే.

ఐదు నిమిషాల మెయింటెనెన్స్

1. ఏ పనైనా బ్యాటరీ తీశాకే మొదలుపెట్టండి. బ్లేడ్ మార్చడం కూడా అంతే. కోసిన వెంటనే బ్లేడ్ కాలుతుంది, గ్లోవ్స్ వేసుకోండి.
2. బ్లేడ్ పట్టే క్లాంప్‌లో పొట్టు ఇరుక్కుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, ఒక చుక్క సన్న నూనె వేయండి.
3. మామిడి సొన అంటిన బ్లేడ్‌ని కిరోసిన్ గుడ్డతో తుడిచి, నూనె రాసి దాచండి. వానాకాలంలో తుప్పు పట్టదు.
4. గాలి రంధ్రాల దుమ్ము ఊదేయండి. నీళ్లతో కడగొద్దు.
5. బ్రష్ మోటర్ అయితే నిప్పురవ్వలు ఎక్కువైనప్పుడు కార్బన్ బ్రష్‌లు జతగా మార్చండి. బ్రష్‌లెస్‌కి ఈ బాధ లేదు.

మా మాట

మెషిన్ కొనేటప్పుడే ఒక 5 టీపీఐ చెక్క బ్లేడ్, ఒక 10 టీపీఐ బై-మెటల్, ఒక 18 టీపీఐ మెటల్ బ్లేడ్ కలిపి కొనండి. మామిడి కోతలు అయిపోయి కొమ్మలు సరిచేసే జూన్, జూలై నాటికి అవి చేతిలో ఉండాలి. ఇప్పటికే "వేస్ట్" అని మూలన పడేసిన మెషిన్ ఇంట్లో ఉంటే, కొత్తది కొనేముందు దాని బ్లేడ్ మీద నంబర్ ఏముందో ఒకసారి చూడండి.