బిల్లు పెంచింది నాన్న కాదు.. టాయిలెట్!

మా ఇంట్లో నెలకు 6 వేల గ్యాలన్లకు మించి నీళ్లు ఖర్చు కావు. ఈ జనవరి బిల్లులో మాత్రం 13 వేలు కనిపించింది. డాలస్ శివార్లలో ఉంటాం. చలికాలం కాబట్టి లాన్‌కి స్ప్రింక్లర్లు కూడా ఆపేశాం. డిసెంబర్‌లో అమ్మానాన్నలు అనంతపురం నుంచి వచ్చారు. ఇంకేం, లెక్క తేలిపోయిందనుకున్నాను. ‘‘నాన్నా, నీళ్లు కాస్త చూసి వాడండి. ఇక్కడ బిల్లు ఎక్కువొస్తుంది’’ అనేశాను.

ఆయన మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి షవర్ మానేసి, అర బకెట్ నీళ్లతో స్నానం కానిచ్చేయడం మొదలుపెట్టారు. ట్యాంకర్ కోసం బిందెలతో వరుసలో నిలబడిన మనిషికి నేను పొదుపు నేర్పుతున్నానన్న సంగతి అప్పుడు తట్టలేదు.

తర్వాతి నెల బిల్లూ తగ్గలేదు. ఇక ఆఫీసులో బగ్ వెతికినట్టు వెతకడం మొదలుపెట్టాను. రాత్రి అందరూ పడుకున్నాక ఇంటి ముందున్న మీటర్ బాక్స్ మూత తీసి, టార్చ్ వేసి చూశాను. డయల్ మీద చిన్న త్రికోణం ఒకటి ఉంటుంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా అది మెల్లగా తిరుగుతోంది. అంటే ఎక్కడో నీళ్లు పోతున్నాయి.

వంటింట్లో స్వీట్లలోకి వాడే ఎర్ర రంగు సీసా తీశాను. మూడు టాయిలెట్ల ట్యాంకుల్లో కొన్ని చుక్కలు వేసి, ఫ్లష్ చేయకుండా 10 నిమిషాలు ఆగాను. రెండింటి కమోడ్‌లో నీళ్లు మామూలుగానే ఉన్నాయి. మూడోదాంట్లో ఎర్రబడ్డాయి. అది అమ్మానాన్నలు వాడేది కాదు. మా బెడ్‌రూమ్‌లోది!

తప్పు ఫ్లాపర్‌ది. ట్యాంకు అడుగున రంధ్రాన్ని మూసే రబ్బరు మూత అది. కొన్నేళ్లకు పాడై సరిగా కూర్చోదు. నీళ్లు చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారిపోతుంటాయి, ట్యాంకు మళ్లీ నిండుతూ ఉంటుంది. లీకయ్యే టాయిలెట్‌తో రోజుకు 200 గ్యాలన్లు, అంటే 750 లీటర్లకు పైగా వృథా కావచ్చని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. నెలకు 6 వేల గ్యాలన్లు! మా బిల్లులో పెరిగిన 7 వేలల్లో అమ్మానాన్నల వాటా ఎంతో మీరే లెక్కేసుకోండి.

బాగుచేయడం తేలికే. టాయిలెట్ వెనక గోడ దగ్గరి వాల్వ్ కట్టేసి, ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేయాలి. పాత ఫ్లాపర్ ఊడదీసి దాన్నే హార్డ్‌వేర్ షాపుకి తీసుకెళ్లండి. 2, 3 అంగుళాల సైజులుంటాయి. కొత్తది బిగించాక గొలుసు కొంచెం వదులుగా ఉండాలి. నాకు పది డాలర్లు కూడా కాలేదు. ట్యాంకులో క్లోరిన్ బిళ్లలు వేసే అలవాటుంటే మానేయండి, రబ్బరు త్వరగా పాడవుతుంది. అద్దె ఇల్లయితే మెయింటెనెన్స్ వాళ్లకు చెప్పండి.

మరో సంగతి. టెక్సస్‌లో చాలా నగరాలు ఇళ్ల మురుగునీటి ఛార్జీని చలికాలపు నీటి వాడకం సగటును బట్టి నిర్ణయిస్తాయి. చలికాలంలో లీకైతే ఆ భారం ఏడాదంతా మోయాల్సి రావచ్చు. రిపేరు రసీదు చూపిస్తే బిల్లులో కొంత తగ్గించే నగరాలూ ఉన్నాయి. అడిగి చూడండి.

ఫ్లాపర్ మార్చిన రాత్రి మీటర్‌లో త్రికోణం కదల్లేదు. నాన్నను బయటికి పిలిచి చూపించి, ‘‘తప్పు నాదే నాన్నా’’ అన్నాను. ఆయన వంగి చూసి, ‘‘ఆగాయి కదరా, అది చాలు’’ అన్నారు. మర్నాడు బకెట్ తీసేయబోతే మాత్రం, ‘‘అలవాటైపోయింది, ఉండనీ’’ అన్నారు.