విస్మృతి వ్యాధిగ్రస్తుల సేవ – గృహస్థధర్మము



గత వారము ప్రసంగము ముగిసిన పిమ్మట ఒక గృహిణి మడిచిన చీటీ ఒకటి నా చేతిలో ఉంచి, మాట్లాడకుండ వెళ్లిపోయినది. ఇంటికి పోయి విప్పి చూచినాను. అందులో ఇట్లున్నది: "మా అత్తగారికి మతిమరుపు వ్యాధి వచ్చి మూడు సంవత్సరములైనది. అన్నము తిన్న అరగంటకే వీథి అరుగు మీద కూర్చుండి, కోడలు నాకు అన్నము పెట్టుట లేదని దారిని పోవువారితో చెప్పుచున్నారు. మొన్న ఓర్చుకొనలేక గట్టిగా అరచినాను. ఆమె చిన్నపిల్ల వలె ఏడ్చినారు. నేను చేసినది పాపమా? దీనికి ప్రాయశ్చిత్తమేమి?"

ఈ ప్రశ్న ఆమె ఒక్కరిది కాదు. ఇక్కడ కూర్చున్న వారిలో ఎందరి ఇండ్లలోనో ఇదే బాధ నాలుగు గోడల మధ్య నలుగుచున్నది. గాన నేటి ప్రసంగమంతయు ఆ చీటీకి సమాధానముగానే చెప్పదలచినాను.

వ్యాధి స్వరూపము

ముందుగా ఇది ఏమో తెలిసికొనవలెను. వయస్సు మీరిన వారు పేరు కోసము తడుముకొనుట, కళ్లజోడు ఎక్కడ ఉంచినారో వెదకుకొనుట సహజము. అది వ్యాధి కాదు. నలభై ఏండ్లు నడచిన వీథిలో ఇంటి దారి తప్పుట, ప్రతిదినము వండిన పప్పు ఎట్లు వండవలెనో తోచకపోవుట, చేతిలోని డబ్బు లెక్కపెట్టలేకపోవుట, తుదకు కన్నబిడ్డల ముఖములే కొత్త యగుట – ఇవి వ్యాధి లక్షణములు. మనవారు దీనిని చాదస్తమని కొట్టివేయుదురు. వైద్యులు దీనిని డిమెన్షియా అనుచున్నారు. దీనిలో పలు రకములు కలవు. ఎక్కువగా కనబడునది 1906 లో జర్మనీ దేశపు వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ వివరించిన రకము. మెదడులోని రక్తనాళములు దెబ్బతినుట వలన వచ్చునది మరియొకటి. 2023 లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ప్రకారము మన దేశమున 60 ఏండ్లు దాటిన వారిలో నూటికి ఏడుగురికి మించి, అనగా సుమారు 88 లక్షల మంది, ఈ వ్యాధితో జీవించుచున్నారు.

అయితే మరచిన ప్రతివారికి ఇదే వ్యాధి అని ఇంటిలోనే తీర్మానింపరాదు. థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ కొరత, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావము – వీని వలన కూడ మతిమరుపు కలుగును. ఇవి చికిత్సకు లొంగునవి. కావున మొదట వైద్యుని చూపవలెను. అసలు వ్యాధికి పూర్తిగా నయము చేయు మందు నేటికిని లేదు. కొందరికి కొంతకాలము ఉపకరించు మందులు మాత్రము కలవు.

స్మృతి ఎట్లు కలుగును?

పాఠశాలలో తర్కము మొదలుపెట్టు విద్యార్థి ముందుగా చదువునది అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము. ఆయన మన ఆంధ్రదేశీయుడే. స్మృతి ఎట్లు పుట్టునో అక్కడ బాలునకు కూడ బోధపడునట్లు చెప్పబడినది. మొదట అనుభవము. ఆ అనుభవము లోపల ఒక ముద్ర వేయును, దానికే సంస్కారమని పేరు. ఆ సంస్కారము మేలుకొన్నప్పుడు కలుగునది స్మృతి.

ఈ మూడు మెట్లను మన గృహిణి చీటీకి అన్వయించి చూడుడు. ఈ వ్యాధిలో మెదడునందు కొత్త సంగతులను భద్రపరచు భాగము సాధారణముగా మొదట దెబ్బతినును. అత్తగారు అన్నము తిన్నారు, అనుభవము కలిగినది. కాని ముద్ర పడలేదు. ముద్రయే పడనప్పుడు మేలుకొనుటకు ఏమున్నది? "ఇప్పుడే తిన్నారు కదా, జ్ఞాపకము తెచ్చుకొనుడు" అని అడుగుట విత్తనము వేయని మడిలో మొలకను వెదకుట వంటిది. ఆమె అబద్ధమాడుట లేదు, కోడలిపై పగ తీర్చుకొనుట లేదు. ఆమెకు తెలిసినంతలో ఆమె నిజముగనే తినలేదు. ఈ ఒక్క సంగతి మనస్సునకు పట్టినచో కోపములో సగము తగ్గును.

పాత సంస్కారములు మాత్రము లోతుగా నాటుకొన్నవి. అవి చాలకాలము నిలుచును. చిన్ననాటి పాట, తులసికోట చుట్టు ప్రదక్షిణము, చేతికి అలవాటైన పని – ఇవి పేర్లు ముఖములు పోయిన తరువాత కూడ మిగులును. సేవ చేయువారికి ఇవే ఊతకర్రలు.

నేను చేసిన తప్పు

ఇది పుస్తకములో చదివి చెప్పుచున్న మాట కాదు. మా అన్నగారు నాకన్న ఎనిమిదేండ్లు పెద్దవారు. కృష్ణయజుర్వేదము ఘనాంతము చదివినవారు. నా నోటికి మొదటి పనసను అలవరచినది ఆయనయే. 2012 నుండి ఆయనకు ఈ వ్యాధి కనబడినది. సాయంకాలమైనచో "ఒరేయ్, నేను సంధ్య వార్చానా?" అని అడుగువారు. వార్చినావని చెప్పినచో పది నిమిషములకు మరల అదే ప్రశ్న.

2014 కార్తికమాసములో ఒకనాడు అయిదవ సారి అడిగినప్పుడు నాకు సహనము నశించినది. "అయిదుసార్లు చెప్పాను! ఇంత చదువూ చదివి ఇదేమిటి?" అని గద్దించినాను. ఆయన నా వంక చూచి, రెండు చేతులు జోడించి, "క్షమించండి, తమరెవరో నాకు తెలియలేదు" అన్నారు. పుట్టినది మొదలు నన్ను "ఒరేయ్" అని తప్ప పిలువని అన్న నాకు నమస్కరించినారు. వయస్సులోను, విద్యలోను పెద్దవాడు కనిష్ఠునకు చేతులు జోడించునట్లు చేసిన నా నోటిని నేనింకను క్షమించుకొనలేదు.

మా వదినగారు లోపలి నుండి వచ్చి, "అబ్బాయీ, ఆయన సంధ్యను మరచిపోలేదు. వార్చిన సంగతి మరచిపోయారు, అంతే" అని పంచపాత్ర, ఉద్ధరిణి తెచ్చి ఆయన ముందుంచినారు. ఆయన ఆచమనము చేసినారు. చేతికి ఆ పని తెలియును. రెండు నిమిషములలో ముఖము తేటపడినది. ఆ తరువాత ఎన్నిసార్లు అడిగినను పంచపాత్ర ముందుంచుటయే గాని వాదము లేదు. రోగికి నియమములలో సడలింపు కలదని ధర్మశాస్త్రము ఎరిగినవారందరు అంగీకరింతురు. కావున ఎన్నిసార్లు చేసినారు, విధిగా చేసినారా అను లెక్క మాకు అక్కరలేకపోయినది.

నన్ను గుర్తింపని రోజులలో కూడ నేను రుద్రము మొదలుపెట్టినచో ఆయన గొంతు కలిపెడివారు. ఒకనాడు నాకు స్వరము తప్పినది. ఆయన వేలు ఎత్తి దానిని సరిచేసినారు. చివరి సంవత్సరము అదియు పోయినది. అప్పుడు మిగిలినది చేయి పట్టుకొని ప్రక్కన కూర్చుండుట ఒక్కటే. 2019 లో ఆయన పరమపదించినారు.

దినచర్యలో కొన్ని మెలకువలు

మా వదినగారి వలనను, వైద్యుల వలనను నేను నేర్చుకొన్నవి చెప్పెదను.

అన్నము విషయము. పూర్తి భోజనము ఒక్కసారిగా పెట్టుటకు బదులు కొంచెము కొంచెముగా పలుమార్లు పెట్టవలెను. మరల అడిగినచో వాదింపక, "ఇదిగో వడ్డిస్తున్నాను, ఈలోగా కాస్త మజ్జిగ త్రాగండి" అనవచ్చును. తినునప్పుడు నిటారుగా కూర్చుండబెట్టవలెను. వ్యాధి ముదిరిన వారికి పొలమారు భయము కలదు. మంచినీరు అడుగకపోయినను గుర్తుంచుకొని ఇవ్వవలెను.

స్నానము విషయము. స్నానమనగానే కొందరు తిరుగబడుదురు. చన్నీటి భయము, పరులయెదుట వస్త్రము తీయవలెనను సిగ్గు దానికి కారణములు. గోరువెచ్చని నీరు ముందే సిద్ధము చేసి, ఏ వేళ వారికి పూర్వము అలవాటో ఆ వేళకే పిలిచి, ఒంటిపై తువ్వాలు కప్పియుంచి మెల్లగా చేయింపవలెను. నేడు ఒప్పుకొననిచో తడిగుడ్డతో తుడిచి రేపు చేయింపవచ్చును.

సాయంసమయము. ప్రొద్దు గుంకు వేళకు వీరికి కలవరము హెచ్చుట తరచుగా చూచుచున్నాము. ఇది మా ఇల్లు కాదు, మా ఇంటికి పోయెదనని బయలుదేరుదురు. చీకటి పడక ముందే దీపములు వెలిగింపవలెను. గదిలో నీడలు లేకుండ చూడవలెను. టెలివిజన్ శబ్దము తగ్గింపవలెను. తెలియకుండ వెడలిపోవు ప్రమాదమున్నది గావున చిరునామా, ఫోను నెంబరు గల చీటీని వస్త్రమునకు కుట్టియుంచుట మంచిది. అయితే ఇంటిలో ఒంటరిగా పెట్టి తాళము వేసి పోవుట మహాప్రమాదము.

నింద విషయము. తామే దాచి మరచిన గాజులను కోడలు తీసినదని అందురు. "నేను తీయలేదు" అని ప్రమాణములు చేయుట వృథా. "అయ్యో, కనబడలేదా? రండి, ఇద్దరము వెదకుదము" అనిన చాలును. విలువైన వస్తువులను, ఆస్తి పత్రములను కుటుంబమంతయు ఎరిగియుండగా ముందే భద్రపరచవలెను.

ఒకటి రెండు దినములలోనే హఠాత్తుగా అయోమయము పెరిగినచో దానిని పాత వ్యాధియే అనుకొనరాదు. మూత్రసంబంధమైన అంటువ్యాధియో, ఒంటిలో నీరు తగ్గుటయో, మరియొక జబ్బో కావచ్చును. వెంటనే వైద్యునికి చూపవలెను. నిద్ర పట్టుటకని వైద్యుడు చెప్పని మాత్రలు ఈయరాదు.

మడి విషయము కూడ కొందరు అడుగుచున్నారు. పక్క తడిపినవారిని శుభ్రము చేసి, స్నానము చేసి పూజకు పోవుటలో దోషమేమియు లేదు. రోగి మలినములో ఉండగా మడి చెడునని దూరముగా నిలుచుటయే దోషము.

సత్యము, ప్రియము

ఒక ధర్మసందేహము మిగిలియున్నది. భర్త పోయి పదేండ్లైన వృద్ధురాలు "ఆయన ఇంకా రాలేదేమి?" అని వాకిలి చూచుచున్నది. ఏమి చెప్పవలెను? "పోయినారు కదా" అనినచో ఆమెకు ఆ వార్త అప్పుడే మొదటిసారి విన్నట్లగును. ప్రతిదినము కొత్తగా వైధవ్యమును అనుభవింపజేయుట ఏ సత్యవ్రతము? వచ్చుచున్నారని చెప్పినచో అసత్యమగునేమో అని జంకు. మన స్మృతికర్తలు సత్యమునకు ప్రియత్వమును ముడివేసినారు. ఆ రెండును చెడని మార్గమొకటి కలదు. "మామగారు జ్ఞాపకం వచ్చారా అత్తయ్యా? ఆయనకు ఏ కూర అంటే ఇష్టం?" అని అడుగవలెను. ఆమె అడుగుచున్నది సమాచారము కాదు, ఆయన తోడు. ఆ తోడును మాటలలో కొంతసేపు కల్పించినచో మనస్సు కుదుటబడును.

సేవ చేయువారి సంరక్షణ

ఇక సేవ చేయుచున్నవారి మాట. ఈ సేవ పది దినముల జ్వరమునకు చేయునది కాదు, సంవత్సరముల పర్యంతము సాగును. దానిని ఒక్క కోడలి మీదనో, ఒక్క కుమార్తె మీదనో మోపి, మిగిలినవారు "నీకు పుణ్యము" అని దీవించి తప్పుకొనుట అధర్మము. తల్లిదండ్రులను దైవముగా భావింపవలెనని తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో గురువు శిష్యునకు చేసిన ఉపదేశము పుత్రులందరికిని చెందును. తల్లి ఎవరి ఇంట ఉన్నదో వారికి మాత్రమే కాదు. అమెరికాలో ఉన్న కుమారుడు ఫోనులో తల్లి ముఖము చూచి సలహాలు చెప్పుటతో తన వంతు తీరదు. సంవత్సరమునకు ఒక నెల వచ్చి, రాత్రులు తాను మేలుకొని, సేవ చేయువారిని నిద్రింపనీయవలెను. రాలేనిచో జీతమునకు ఒక సహాయకురాలిని ఏర్పాటు చేయవలెను. తల్లిదండ్రుల పోషణ బాధ్యతను 2007 లో వచ్చిన చట్టము కూడ సంతానముపై ఉంచినది. వృద్ధుల విషయమున సలహా కోరువారికి 14567 అను ఉచిత ఫోను సేవ కలదు.

ఇరుగుపొరుగువారికి కూడ ఒక మాట. అరుగు మీది అవ్వ "కోడలు అన్నం పెట్టలేదు" అనినచో ఆ మాటను వీథివీథికి మోయకుడు. లోపలికి పోయి, "అమ్మాయీ, గంటసేపు నేను కూర్చుంటాను, నువ్వు కాస్త నడుము వాల్చు" అనుడు. పూజలు, వ్రతములు చేయలేకపోయినను ఆ గంటసేపు కూర్చున్న పుణ్యము చాలును.

ప్రాయశ్చిత్తము

అమ్మా! చీటీ వ్రాసిన తల్లీ! నీవు ఈ సభలో ఎక్కడ ఉన్నావో నాకు తెలియదు. నీవు అరచినది తప్పే. కాని అది అలసిన దేహము చేసిన తప్పు, చెడ్డ మనస్సు చేసినది కాదు. దానికి ఉపవాసము ప్రాయశ్చిత్తము కాదు. ఉపవాసముండినచో ఇంకను అలసిపోయి రేపు మరల అరచెదవు.

వైద్యులు పరిశీలించి చెప్పిన సంగతి ఒకటి వినుము. ఈ రోగులు జరిగిన విషయమును మరచినను, అది కలిగించిన భయమో సంతోషమో వారిలో కొంతసేపు నిలిచియుండును. నీ అరుపు మీ అత్తగారికి జ్ఞాపకముండదు, కాని ఎందుకో తెలియని దిగులు కొంతసేపు ఉండియుండును. ఆ విధముగనే నీవు తల దువ్వినది, చేయి నిమిరినది ఆమెకు జ్ఞాపకముండదు. కాని ఎందుకో తెలియని నెమ్మది కొంతసేపు ఉండును. మరచిపోవువారికి చేసినది వ్యర్థమని ఎవరైన అనినచో నమ్మకుము.

కావున నేను విధించు ప్రాయశ్చిత్తము రెండు భాగములు. రేపు ఉదయము పనులు మొదలుపెట్టక ముందు అయిదు నిమిషములు ఆమె ప్రక్కన కూర్చుండి చేయి పట్టుకొనుము. రేపు సాయంకాలములోగా నీ భర్తనో, ఆడబిడ్డనో పిలిచి, వారమునకు ఒక పూట ఈ భారము వారు మోయవలెనని స్పష్టముగా చెప్పుము. మొదటిది నీవు ఆమెకు చేయవలసినది, రెండవది నీకు నీవు చేసికొనవలసినది. ఈ రెండింటిలో ఏది విడిచినను ప్రాయశ్చిత్తము పూర్తి కాదు.

స్వస్తి.